టేబులు కాలి కింది బిళ్ల

మంగళవారం పొద్దున ఏడు గంటలకు కోడలు మంచం మీద బ్యాగు తెరిచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఏడూ ఐదుకల్లా అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సాయానికని వచ్చింది గాని, చేతులు కట్టుకుని బట్టలు లెక్కపెడుతూ ఉండిపోయింది.

కోడలు కళ్ల ఆసుపత్రిలో చూపు పరీక్ష చేస్తుంది. అక్కడికి కొత్త యంత్రం వస్తోందని, దాని మీద శిక్షణకు మూడు వారాలు వేరే ఊరు పంపుతున్నారు. బస్సు తొమ్మిదింబావుకి. మూడు వారాలకు ఎనిమిది జతలు చాలు. ఆ పిల్ల పదకొండు పెట్టింది. ఆపైన చలికోటు. అది చలికాలం కాదు.

"అక్కడ చలా అమ్మాయ్?"

"గదిలో ఏసీ ఉంటుందట అత్తయ్యా."

"మూడు వారాలేగా?"

"మూడు వారాలే. నిన్నటినుంచి ఆరోసారి అడుగుతున్నారు."

"అడిగితే అరిగిపోతావా ఏమిటి!"

ఆవిడ భయానికి కారణం ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట ఆవిడ భర్త నాలుగు రోజుల పనని గోధుమరంగు సంచి పట్టుకుని వెళ్లి, నాలుగో రోజున ఎక్కడో రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సంచి మాత్రం వచ్చింది. విప్పి చూస్తే అందులో సబ్బు, తువ్వాలు, గడ్డం సామాను, రెండు చొక్కాలు. అన్నీ ఆయనవే. ఇంటి వస్తువు ఒక్కటీ లేదు. ఆ సంచి ముందు కూర్చుని ఆవిడ చాలాసేపు ఆలోచించింది. తనవన్నీ తాను పట్టుకుపోయిన మనిషి తిరిగి రావలసిన పనేముంది?

అప్పటినుంచి ఆ ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా వాళ్ల సామానులో చాటుగా ఒక ఇంటి వస్తువు పెట్టడం ఆవిడకు అలవాటైంది. కొడుకు చదువుకు వెళ్లినప్పుడు ఉప్పు డబ్బా మూత. కోడలు పుట్టింటికి వెళ్లినప్పుడు గరిటె. ఒకసారి గోడగడియారం పెండ్యులం పెట్టింది. ఆ పది రోజులూ ఇంట్లో తొమ్మిదిన్నరే. అందరూ తిరిగివచ్చారు. పద్ధతి ఇంతవరకు తప్పలేదు.

ఒక్కటే ఇబ్బంది. వస్తువు లేకపోతే ఇల్లు నడవాలి కదా. గరిటె వెళ్లిన రెండు వారాలూ ఆవిడ చెంచాతో కలుపుతూ చెయ్యి కాల్చుకుంది. ఈసారి మూడు వారాలు. ఎవరికీ అవసరంలేని వస్తువేదైనా ఉందా అని ఇల్లంతా వెతికి, చివరికి కొడుకు టేబులు దగ్గర ఆగింది.

ఆ టేబులు ఒకప్పుడు భోజనాలకు కొన్నది. ఎనిమిదేళ్లుగా దాని మీద తీగలు, మరలు, వేలెడంత బ్యాటరీలు, వాటిని కొలిచే మీటర్లు తప్ప కంచం కనిపించి ఎరగరు. కొడుకు ఇంజనీరు. నీళ్ల మోటార్లు తయారుచేసే కంపెనీలో పని. ఎనిమిదేళ్ల కిందట ఆ కంపెనీ కరెంటుతో నడిచే మ్యాక్సీ స్కూటరు చేద్దామనుకుని, ఆ పని ఇతని నెత్తిన పెట్టింది. మ్యాక్సీ స్కూటరు అంటే మామూలు స్కూటరుకి పెద్దన్నయ్య. ముందర నిలువెత్తు గాజు, సోఫాలాంటి సీటు, కాళ్లు చాపుకునేంత జాగా, సీటు కింద రెండు హెల్మెట్లు పట్టే పెట్టె. అన్నీ కలిపి రెండు వందల కిలోలు. మొదటి బండి బ్యాటరీ తలదిండులా ఉబ్బింది. రెండోదాన్ని తడిస్తే ఏమవుతుందో చూద్దామని నీళ్ల తొట్టెలో దింపితే, ఏమవుతుందో చూపించింది. మూడోది ఇప్పుడు వరండాలో ఉంది. లోపలి ప్రోగ్రాము మార్చడానికని నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చాడు.

ఆరోజు పదకొండు గంటలకు దానికి ఆఖరి పరీక్ష. ఒక్క చార్జింగుతో, ఇద్దరు మనుషుల బరువుతో, నూట యాభై కిలోమీటర్లు నడవాలి. నడిస్తే బండి ఫ్యాక్టరీకెక్కుతుంది. నడవకపోతే విభాగం మూసేసి ఇంజనీరుని మళ్లీ నీళ్ల మోటార్లకు పంపేస్తారు. ఆ సంగతి అత్తగారికి తెలుసు. కాని ఆవిడ బెంగ దాని గురించి కాదు, ఆ పదకొండు జతల గురించి.

బండి గురించి ఆవిడకు అర్థమైన విషయం ఒక్కటే. బ్రేకు వేసినప్పుడల్లా, వృథాగా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుందని కొడుకు ఒకనాడు చెప్పాడు.

"పోయింది తిరిగొస్తుందా! ఎంత వస్తుందిరా?"

"పదిహేను శాతం అమ్మా."

"మనుషులకంటే నయమే."

ఇంతకీ టేబులు కాళ్లలో ఒకటి పొట్టి. చెయ్యి పెడితే ఊగుతుంది. టేబులు మీద, మరల మధ్య, రూపాయంత నల్ల బిళ్ల ఒకటి కనిపించింది. రాత లేదు, మీట లేదు. కుంటికాలి కింద పెట్టే రబ్బరు బిళ్ల ఊడిపోతే వీడు తీసి పైన పడేశాడనుకుంది. ఎనిమిదేళ్లుగా కుంటుతున్న టేబులు ఇంకో మూడు వారాలు కుంటితే కొంప మునగదు. కోడలు దువ్వెన కోసం వెళ్లినప్పుడు ఆవిడ ఆ బిళ్లని బ్యాగులోని ఎడమకాలి బూటులో, సాక్సు కిందకి తోసేసింది.

అది బండి తాళం. మ్యాక్సీ స్కూటరుకి తాళంచెవి దూర్చే చిల్లు ఉండదు. బిళ్ల రెండు మీటర్ల లోపు ఉంటే, మీట నొక్కగానే బండి బయలుదేరుతుంది. అలాంటివి రెండుండేవి. ఒకటి రెండో బండితోపాటు తొట్టెలో మునిగింది.

తొమ్మిదికి పావుగంట ముందు, బండిని పరీక్ష మైదానానికి తీసుకెళ్లడానికి బస్తా వచ్చాడు. బస్తా అంటే బండి నడిపి చూసే మనిషి. పరీక్షల్లో మొదట ఇసుక బస్తా పెట్టేవాళ్లట. అది ప్రతి గతుకులోనూ కారిపోతోందని, సరిగ్గా డెబ్భై అయిదు కిలోలున్న ఈయన్ని తెచ్చారు. పేరు అప్పుడు పడింది. బరువు పెరుగుతుందేమోనని పరీక్ష రోజుల్లో పొద్దున్నే ఏమీ తినడు.

"ఒక ముద్ద తినవయ్యా, మొహం పీక్కుపోయింది."

"వద్దు పెద్దమ్మగారూ, డెబ్భై అయిదున్నర అవుతాను."

బస్తా సీటెక్కి మీట నొక్కాడు. బ్యాగు పక్కనే వరండా మెట్టు మీద ఉంది. బండి చప్పుడు లేకుండా మేలుకుంది. తాళం ఇంజనీరు జేబులో ఉందని బస్తా అనుకున్నాడు. నిన్ననే బస్తాకి ఇచ్చేశానని ఇంజనీరు అనుకున్నాడు. బండి వీధిలోకి దిగి ఎడమవైపు వెళ్లిపోయింది. మరుక్షణం ఆటో వచ్చింది.

"వెళ్లొస్తానండీ," అంది కోడలు.

"ఊఁ," అన్నాడు ఇంజనీరు, బండి వెళ్లిన వైపు చెవి పెట్టి. "విన్నావా? మోటారు ఈల ఇవాళ లేదు."

కోడలు బ్యాగు తానే ఎత్తుకుని ఆటో ఎక్కింది. ఆటో కుడివైపు వెళ్లిపోయింది.

రెండు నిమిషాల్లో బస్తా వీధి చుట్టూ తిరిగి మళ్లీ ఇంటి ముందుకొచ్చాడు. ఆగలేదు.

"సార్! తాళం—" అని అరుస్తూ దాటిపోయాడు.

"ఏమిటిరా వాడికి?" అంది అత్తగారు. ఇంజనీరు గేటు దగ్గరికి వెళ్లాడు. మళ్లీ రెండు నిమిషాలు.

"—మీ దగ్గరుందా?"

"నీ దగ్గర లేదా?" అని ఇంజనీరు అరిచేటప్పటికి సందు తిరిగిపోయాడు.

"లేదు సార్! తెరమీద—"

"తెరమీద?"

"—తాళం కనిపించడం లేదు, ఆగితే ఇంక కదలను అని వస్తోంది!"

ఆ మాటలు రాసింది ఇంజనీరే. దొంగలు ఎత్తుకుపోకుండా ఎంతో తెలివిగా చేసిన ఏర్పాటు అది. తాళం దగ్గర లేకుండా బండి పది సెకన్లు ఆగిందా, చక్రాలు బిగుసుకుపోతాయి, సైరను మోగుతుంది. మళ్లీ కదలాలంటే ఫ్యాక్టరీలో బ్యాటరీ పెట్టె విప్పాలి. దానికి ఒక రోజు పడుతుంది.

"ఆపకు!" అని అరిచాడు తర్వాతి చుట్టులో. "ఏం చేసినా ఆపకు!"

"ఎంతసేపు సార్?"

జవాబు అందలేదు. ఇంజనీరు లోపలికి పరుగెత్తి టేబులు మీదవన్నీ కింద కుమ్మరించాడు. "నల్ల బిళ్ల! ఇంత ఉంటుంది! ఇక్కడే పెట్టాను!"

అత్తగారికి ఎడమకాలి బూటు గుర్తొచ్చింది. చెబితే బ్యాగు విప్పుతారు, బిళ్ల తీసుకుంటారు. పదకొండు జతలు, చలికోటు, కోడలు. ఇంక ఆ పిల్లని ఇంటికి లాగేది ఏమీ ఉండదు. చెప్పకపోతే కొడుకు ఎనిమిదేళ్లు నీళ్లపాలు. ఏమీ తోచక గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. బస్తా వస్తూ గ్లాసు అందుకుపోయాడు. తరవాతి చుట్టులో ఖాళీ గ్లాసు చేతిలో పెట్టి వెళ్లాడు. అంత బాధలోనూ ఆవిడకు కొంచెం ఊరట కలిగింది. ఇంట్లోంచి వెళ్లిన వస్తువు రెండు నిమిషాల్లో తిరిగిరావడం ఆవిడ అంతవరకు చూడలేదు.

ఇంజనీరు భార్యకు ఫోను చేశాడు. చేతులతో ఇంకా వెతుకుతూనే ఉన్నందువల్ల మాటలు అందరికీ వినిపించేలా పెట్టాడు.

"తాళం నీ దగ్గరుందా?"

"ఏ తాళం? బస్సు కదిలింది, గట్టిగా చెప్పండి."

"నల్ల బిళ్ల! టేబులు మీదది!"

"మీ టేబులు మీద వస్తువు నేను ముట్టుకుని ఆరేళ్లయింది. ముట్టుకుంటే అరుస్తారుగా."

"కోపముంటే ఇంకో రోజు తీర్చుకోవచ్చుగా? ఇవాళే దొరికిందా నీకు?"

"మీ పరీక్ష చెడగొట్టడానికి నేను ఎత్తుకొచ్చాననా మీరనేది?"

"మరి దానికి కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"సరేనండీ. మూడు వారాల్లో వచ్చేద్దామనే బయలుదేరాను. ఇప్పుడు కాస్త ఆలోచించుకోవాలి."

అత్తగారు ఫోను లాక్కుంది. "అమ్మాయ్! ఎడమకాలి బూటు! సాక్సు కింద చూడు!"

కోడలి గొంతు చాలా నిదానంగా వచ్చింది:

"ఈసారి ఏం పెట్టారు అత్తయ్యా?"

"ఈసారి అంటే?"

"గరిటె తెచ్చి మేకుకి ఎవరు తగిలించారనుకున్నారు? పెండ్యులం ఎవరు బిగించారనుకున్నారు?"

అత్తగారు అంతదూరం ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంజనీరు తల్లి వంక చూశాడు. "అమ్మా! నువ్వా?"

"టేబులు కాలి కింది రబ్బరు బిళ్ల అనుకున్నాన్రా."

"ఎనిమిదేళ్ల పనమ్మా అది!"

"ఎనిమిదేళ్లుగా ఆ టేబులు కుంటుతోంది. అది మాత్రం ఒక్కరికీ పట్టలేదు."

వాదించే వ్యవధి లేదు. బస్సు ఎక్స్‌ప్రెస్సు, నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిదాకా దారిలో ఎక్కడా ఆగదు. బస్తా మళ్లీ వస్తున్నాడు. ఇంజనీరు వీధిలోకి ఉరికాడు.

"నెమ్మదించు!"

"నెమ్మదిస్తే కేకలేస్తోంది సార్! దూకండి!"

ఇంజనీరు బండి పక్కన పదడుగులు పరుగెత్తి, సోఫాలాంటి ఆ సీటు మీదకి ఒక కాలు విసిరి, బస్తా చొక్కా పట్టుకుని ఎలాగో ఎక్కాడు. ఎడమకాలి చెప్పు రోడ్డు మీద పడిపోయింది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తానమ్మా!" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

అత్తగారు వెళ్లి చెప్పు తీసుకుంది. ఒక చేతిలో కొడుకు చెప్పు, రెండో చేతిలో కొడుకు ఫోను. అప్పటికి తొమ్మిదీ పాతిక. బ్యాగు లేదు, సంచి లేదు. జేబులో తాను పెట్టింది ఏమీ లేదు. ఆ ఇంట్లోంచి ఒక మనిషి అలా వట్టి చేతులతో ఊరు వెళ్లడం ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి. ఆవిడ కాసేపు రోడ్డు మీదే నిలబడింది.

పదింటికి ఫోను మోగింది. డైరెక్టరు.

"ఏమయ్యా, ఎక్కడ చచ్చావు? తెరమీద బండి చుక్క ఊరు దాటిపోతోంది! వేరే కంపెనీకి అప్పగించేస్తున్నావా?"

"నేను వాళ్లమ్మని బాబూ. వాడు పెళ్లాం కోసం వెళ్తున్నాడు."

"పరీక్ష పెట్టుకుని పెళ్లామేమిటమ్మా? ఇక్కడ తనిఖీ చేసేవారు వచ్చి కూర్చున్నారు. వెంటనే ఆగమనండి!"

"ఆగడు బాబూ. ఆగితే మళ్లీ కదలదట."

డైరెక్టరు గొంతు మారింది. "ఎంతదూరం ఆగకుండా వెళ్తాడు?"

"బస్సు ఆగేదాకా. నూట అరవై అన్నాడు."

"వెనకాల ఎవరైనా ఉన్నారా?"

"ముందు మీ బస్తా. వెనక మావాడు."

"మీ అబ్బాయి బరువెంతమ్మా?"

"పెళ్లినాటికి డెబ్భై. ఇప్పుడెంతో. ఇంట్లో కూర్చుని తింటే కదా తెలిసేది!"

డైరెక్టరు పక్కనెవరితోనో అంటున్నాడు. "విన్నారా? ఇద్దరి బరువు. మామూలు రోడ్డు. లారీల మధ్య. నూట అరవై. మన మైదానంలో గుండ్రంగా తిరగడం ఒక పరీక్షా అని చెప్పాపెట్టకుండా చేసి చూపిస్తున్నాడు! కారు తియ్యమనండి!"

అలా కాదు బాబూ అని అత్తగారు మొదలుపెట్టేసరికే ఫోను ఆగిపోయింది.

పదీ ఇరవైకి కోడలు చేసింది.

"వచ్చారు అత్తయ్యా. నా కిటికీ కిందే ఉన్నారు."

"హమ్మయ్య! బిళ్ల ఇచ్చేశావా?"

"చాపాను. వేళ్లు తగిలాయి కూడా."

"తీసుకున్నాడా?"

"లేదు."

"అయ్యో, జారిందా?"

"జారలేదు. 'ఉండనీ, నీ దగ్గరే ఉండనీ' అన్నారు. బస్సు చాటున గాలి తక్కువట, బ్యాటరీ చాలా మిగులుతోందట. ఇలాగే చివరిదాకా వస్తారట. నన్ను మాత్రం చెయ్యి బయట పెట్టి కూర్చోమన్నారు. తాళం బండికి కనిపించాలి కదా."

"రెండు గంటలా! చెయ్యి పడిపోదూ? లోపల పెట్టేయ్."

"పెడితే బండి కేకలేస్తోంది. కండక్టరు నన్ను తిడుతున్నాడు."

అత్తగారు గొంతు తగ్గించింది. "ఇందాక నిన్నన్న మాటకి ఏమైనా అన్నాడా?"

"అన్నారు. బ్రేకు వేస్తే పదహారు శాతం తిరిగొస్తోందట. పదిహేనే అనుకున్నారట."

"నీ వంక చూస్తున్నాడా?"

"చూస్తున్నారు. తాళం వంక."

అత్తగారు చేతిలోని చెప్పుని చూసుకుంది. "తీసుకుని ఉంటే ఈపాటికి ఇంటిదారి పట్టేవాడు కదమ్మా," అంది.

"ఆయన వెళ్లి ఎనిమిదేళ్లయింది అత్తయ్యా. మీరు ఇవాళ చూశారు, అంతే."

పన్నెండున్నరకు బస్సు ఆగింది. బ్యాటరీలో ఇంకా పదకొండు శాతం ఉంది. డైరెక్టరే ఫోను చేసి చెప్పాడు. వెనక చప్పట్లు వినిపిస్తున్నాయి.

"మీ అబ్బాయి గట్టివాడమ్మా! ఇటునుంచి ఇటే పెద్ద ఫ్యాక్టరీకి తీసుకెళ్తున్నాం. రెండు రోజుల్లో పంపేస్తాం."

"బట్టలు బాబూ?"

"అక్కడ ఇస్తారు."

"ఒక్క మాట. వాడి దగ్గర మా ఇంటి వస్తువు ఏదైనా ఉందేమో కాస్త జేబులో చూడండి."

"ఏం వస్తువమ్మా?"

"గరిటె గాని, మూత గాని. ఏదైనా."

ఎండ ఎక్కువగా ఉంది, పడుకోమని చెప్పి డైరెక్టరు ఫోను పెట్టేశాడు.

రెండు రోజులు వారమైంది. వారం నెలకు చేరింది. తాళం కోడలి దగ్గరే ఉండిపోయిన బండికి పెద్ద ఫ్యాక్టరీలో కొత్త బిళ్ల చేసుకున్నారట. బస్తా వచ్చి ఇంజనీరు ఫోను, మీటర్లు, బట్టలు అడిగాడు. అత్తగారు బట్టలు తానే సర్దింది. చొక్కాల మధ్య గరిటె పెట్టింది. చెప్పు మాత్రం ఇవ్వలేదు. దానికోసమైనా వస్తాడని. పది రోజుల తరవాత పార్సెల్ వచ్చింది. లోపల గరిటె, మీద చీటీ: "పొరపాటున వచ్చింది. ఇక్కడ అందరం బూట్లే వేసుకుంటాం, చెప్పు పారెయ్యి."

కోడలు మూడు వారాలకు, చెప్పిన రోజునే, పదకొండు జతలతో తిరిగివచ్చింది. చలికోటు మడత విప్పలేదట, ఏసీ పని చెయ్యలేదు. వస్తూనే బూటులోంచి నల్ల బిళ్ల తీసి టేబులు కుంటికాలి కింద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు అత్తాకోడళ్లు దాని మీదే భోంచేస్తున్నారు. బస్తా నెలకోసారి అటువైపు వచ్చినప్పుడు మంచినీళ్లు తాగి, గ్లాసు ఇచ్చి వెళ్తాడు.

ఇంజనీరు ఆ మంగళవారం పొద్దున తొమ్మిదీ పాతికకు వెళ్లాడు. నాలుగేళ్లయింది. తిరిగి రాలేదు.